లైవ్ బూట్‌లెగ్‌ల హార్డ్ డిస్కు కొంటున్నారా? డబ్బు పంపే ముందు ఇది చదవండి

వరంగల్, హనుమకొండ, కాజీపేట, కరీంనగర్ వైపు రాక్ కచేరీల బూట్‌లెగ్‌లు (అధికారికంగా విడుదల కాని రికార్డింగులు) సేకరించే మిత్రులందరికీ ఒక హెచ్చరిక. "4 టీబీ కొత్త హార్డ్ డిస్కు, లోపలన్నీ సౌండ్‌బోర్డ్ మాస్టర్లు, అన్నీ లాస్‌లెస్" (అంటే కచేరీ మిక్సర్ నుంచి నేరుగా తీసిన మొదటి రికార్డింగులు, ధ్వని ఏమీ పోకుండా దాచినవి) అంటూ ఒకాయన మన వాళ్లకు వాట్సాప్‌లో మెసేజ్‌లు పెడుతున్నాడు. మొదట 14 వేలు అంటాడు, బేరమాడితే 9,500కు వస్తాడు. దయచేసి కొనకండి. నేను, ఇంకో ఇద్దరు మిత్రులు డబ్బులు కలిపి కొన్నాం. వచ్చిన సరుకులో ఆయన చెప్పిన మాట ఒక్కటీ నిజం కాదు.

ఆయన పేరు, నంబరు ఇక్కడ రాయడం లేదు. నంబర్లు మారుస్తూనే ఉంటాడు, రేపు ఇంకో పేరుతో వస్తాడు. అందుకే మనిషిని కాదు, ఆ సరుకును గుర్తుపట్టడం ఎలాగో వివరంగా రాస్తున్నా.

ముందు నమ్మకం కలిగించే పద్ధతి చూడండి. శాంపిల్ అడిగితే వెంటనే పంపిస్తాడు. అమెరికా రాక్ బ్యాండు గ్రేట్‌ఫుల్ డెడ్ 1977 మే 8న కార్నెల్ యూనివర్సిటీలో చేసిన కచేరీ నుంచి ఒక పాట. ఆ సౌండ్‌బోర్డ్ టేపు బ్యాండు సౌండ్ ఇంజనీరు బెట్టీ కాంటర్-జాక్సన్ రికార్డు చేసింది. దాని క్వాలిటీకి వంక పెట్టడానికి ఉండదు. కానీ అది ప్రపంచంలో ప్రతి కలెక్టర్ దగ్గరా ఉన్న రికార్డింగు, 2017లో అధికారికంగా కూడా విడుదలైంది. శాంపిల్ ఎప్పుడూ అసలుదే ఉంటుంది, మోసమంతా మిగతా సరుకులో ఉంటుంది. పైగా "అన్నా, ఇంకో ఇద్దరు అడుగుతున్నరు, రేపటికల్లా చెప్పు, మళ్ల నన్ను అనొద్దు" అని తొందరపెడతాడు. డబ్బంతా ముందే ఫోన్‌పే చేయాలి. డిస్కు కరీంనగర్ నుంచి ఆర్టీసీ కార్గోలో హనుమకొండ బస్టాండుకు వస్తుంది. చేతికి అందాక ఫోన్ ఎత్తడు.

డిస్కు సంగతి త్వరగా చెప్పేస్తా, ఎందుకంటే అది పట్టుకోవడం తేలిక. పైన కొత్త స్టిక్కరు, కొత్త ప్లాస్టిక్ డబ్బా. కంప్యూటర్‌కు పెట్టి క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో చూస్తే, పవర్ ఆన్ అవర్స్ దగ్గర 30 వేలు దాటి ఉంది. ఏడాదికి 8,760 గంటలే. అంటే మూడేళ్లకు పైగా రాత్రింబవళ్లు ఆగకుండా తిరిగిన డిస్కు అది. సీసీ కెమెరాల డీవీఆర్ నుంచి తీసిన డిస్కులకు ఇలాంటి లెక్క ఉంటుంది. రీఅలొకేటెడ్ సెక్టార్లు (చెడిపోయి డిస్కు పక్కన పెట్టేసిన భాగాలు) కూడా అప్పటికే మొదలయ్యాయి. మనం ఏళ్ల తరబడి దాచుకోవాలనుకునే సంగీతాన్ని ఇలాంటి దానిలో పెట్టుకుంటే ఏదో ఒక రోజు మొత్తం పోతుంది.

అసలు బాధ లోపలి ఫైళ్లతో. అన్నిటికీ ఫ్లాక్ అనే ఎక్స్‌టెన్షన్ ఉంది, అంటే ధ్వని ఏమీ పోకుండా దాచే రకం ఫైలు. అనుమానంగా ఉందని అడిగితే "టెస్ట్ పెట్టి చూస్కో అన్నా, ఎర్రర్ వస్తే డబ్బులు వాపస్" అన్నాడు. నిజమే, టెస్ట్ పాసవుతుంది. ప్రతి ఫ్లాక్ ఫైలు తనలోని ఆడియో తాలూకు ఎండీ5 విలువను (ఆడియో మారితే మారిపోయే ఒక లెక్కను) హెడర్‌లోనే దాచుకుంటుంది. ఫైలు చెడిపోయిందా లేదా అన్నదే ఆ టెస్ట్ చెప్తుంది. ఆ ఆడియో ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పదు. సైజు తగ్గించడానికి కొంత ధ్వని తీసేసే ఎంపీ3ని ఫ్లాక్‌గా మార్చినా టెస్ట్ హాయిగా పాసవుతుంది. వెన్న తీసేసిన మజ్జిగను పాల క్యాన్‌లో పోస్తే పాలు అవుతాయా? ఎంపీ3లో ఒకసారి పోయిన ధ్వని ఫైలు సైజు ఎంత పెరిగినా తిరిగి రాదు.

ధ్వని అలా పోయిందో లేదో చూడాలంటే స్పెక్ అనే సాఫ్ట్‌వేర్ గానీ, ఆడాసిటీలోని స్పెక్ట్రోగ్రామ్ (ఏ ఫ్రీక్వెన్సీలో ఎంత ధ్వని ఉందో రంగుల్లో చూపే బొమ్మ) గానీ చాలు, రెండూ ఉచితమే. సీడీ స్థాయి ఆడియోలో ఫ్రీక్వెన్సీ 22 కిలోహెర్ట్జ్ దాకా ఉండొచ్చు. ఈ డిస్కులో ఫోల్డర్ తర్వాత ఫోల్డర్ తెరిచి చూస్తే, సరిగ్గా 16 కిలోహెర్ట్జ్ దగ్గర గీత గీసినట్టు రంగు ఆగిపోతోంది, దాని పైన అంతా నలుపే. 128 కేబీపీఎస్ ఎంపీ3 వదిలే గుర్తు అది. 320 అయితే 20 దగ్గర ఆగుతుంది.

ఇక్కడ ఒక్క మాట, తొందరపడి ఎవరినీ దొంగ అనకండి. ఎఫ్ఎం రేడియోలో ప్రసారమైన కచేరీ కూడా 15 కిలోహెర్ట్జ్ దగ్గరే ఆగుతుంది. స్టీరియో కోసం 19 దగ్గర పైలట్ టోన్ అనే సంకేతం పంపుతారు కాబట్టి, దానికి కిందనే సంగీతాన్ని కత్తిరిస్తారు. చాలాసార్లు 19 దగ్గర ఒక సన్నటి అడ్డగీత కూడా కనిపిస్తుంది. అది అసలు ఎఫ్ఎం రికార్డింగుకు సాక్ష్యం. అలాగే పాత క్యాసెట్లలో పై ఫ్రీక్వెన్సీలు తక్కువే, కానీ అవి మెల్లగా పలచబడతాయి, టేపు హిస్ (టేపు సొంత బుసబుస శబ్దం) మాత్రం పైదాకా ఉంటుంది. 1972లో హాల్లో కూర్చుని టేపు చేసిన దానిలో కత్తితో కోసినట్టు 16 దగ్గర ఆగితే మాత్రం అనుమానించాల్సిందే.

చెవితోనూ పట్టుకోవచ్చు. హెడ్‌ఫోన్ పెట్టుకుని పాటకూ పాటకూ మధ్య చప్పట్లు వినండి. కచేరీలో చప్పట్లు ఆగవు, ఒక ట్రాక్ నుంచి ఇంకో ట్రాక్‌లోకి సాగిపోవాలి. ఎంపీ3 ఎన్‌కోడర్ ఆడియోను 1152 శాంపిళ్ల ముక్కలుగా తీసుకుంటుంది, మొదట్లో, చివర్లో ఖాళీ శాంపిళ్లు కలుపుతుంది. అందుకే ట్రాక్ మారేచోట జనం హోరు ఒక్క క్షణం టక్కున ఆగి మళ్లీ మొదలవుతుంది. ఈ డిస్కులో దాదాపు ప్రతి కచేరీలో ఆ టక్కు వినిపిస్తోంది. ఒకసారి చెవిన పడ్డాక ఇక పాట మీద మనసు నిలవదు.

తర్వాత తేదీలు. అమెరికా గాయకుడు బాబ్ డిలన్ 1966 ఫోల్డర్లలో "లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్, మే 26" ఒకటి, "మాంచెస్టర్, మే 17" ఒకటి ఉన్నాయి. రెండిటిలోనూ జనంలోంచి అదే మనిషి, అదే చోట "జూడాస్" (ద్రోహి) అని అరుస్తాడు. ఆ అరుపు మాంచెస్టర్ ఫ్రీ ట్రేడ్ హాల్‌ది. పాత బూట్‌లెగ్ ఎల్పీల (గ్రామఫోన్ రికార్డుల) మీద ఆల్బర్ట్ హాల్ అని తప్పుగా పడిన మాట ఈ దారిలో ఉన్నవాళ్లందరికీ తెలుసు. 1998లో అధికారికంగా వచ్చినప్పుడు ఆ పేరును కొటేషన్లలో పెట్టి, అసలు ఊరేదో చెప్పారు. నిజమైన ఆల్బర్ట్ హాల్ కచేరీ 2016లో వచ్చింది. అంటే ఒకే రికార్డింగును రెండు పేర్లతో పెట్టి, డిస్కు నిండా సరుకు ఉన్నట్టు చూపించాడు. పైగా షాపులో కొనుక్కోగలిగిన దాన్ని "ఎక్కడా దొరకదు" అని అమ్మాడు.

మన వాళ్లను బాగా లాగే ఫోల్డర్ ఇంకోటి ఉంది: మెటాలికా బ్యాండు, బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్, 2011 అక్టోబర్ 30. కాజీపేటలో రైలెక్కి ఆ కచేరీకి వెళ్లొచ్చిన వాళ్లు మనలో ఉన్నారు. ఆ సాయంత్రం మంచి క్వాలిటీలో దొరుకుతుందంటే ఎవరికైనా ఆశ పుడుతుంది. నేను మొదట తెరిచిందీ అదే. ఫోల్డర్ పేరులో సౌండ్‌బోర్డ్ అని ఉంది. సౌండ్‌బోర్డ్ అంటే మిక్సర్ నుంచి నేరుగా తీసిన లైను, అందులో జనం హోరు దూరంగా, పలచగా వినిపిస్తుంది. ఇందులో గిటార్ కన్నా గట్టిగా, మైకు పక్కనే నిలబడ్డ ఇద్దరు కన్నడలో మాట్లాడుకుంటున్నారు, మధ్యలో ఒకరికి ఫోన్ కూడా వస్తుంది. ఎవరో సెల్‌ఫోన్‌తో తీసిన వీడియో నుంచి లాగిన ఆడియో అది. మెటాలికా 2004 నుంచి తన కచేరీల రికార్డింగులను తానే అమ్ముతోంది. ఏ తేదీ కావాలన్నా ముందు అక్కడ వెతకండి.

నాకు అన్నిటికన్నా ఎక్కువ కోపం తెప్పించింది వేరే విషయం. ఏ ఒక్క ఫోల్డర్‌లోనూ టెక్స్ట్ ఫైలు లేదు. ఈ అభిరుచి ఉన్నవాళ్లకు ఆ చిన్న ఫైలు విలువ తెలుసు. ఎవరు టేపు చేశారు, ఏ మైకు, ఏ రికార్డరు, ఇది మాస్టరా లేక ఎన్నోసారి తీసిన కాపీనా, కంప్యూటర్‌లోకి ఎలా ఎక్కించారు, ఏ పాటలో టేపు తిప్పాల్సి వచ్చి ముక్క పోయింది, అన్నీ అందులో ఉంటాయి. రికార్డింగుకు ఉన్న ఒకే ఒక గుర్తింపు కార్డు అది. ఆయన దాన్ని కావాలనే తీసేశాడు. ఎందుకంటే దాదాపు ప్రతి టెక్స్ట్ ఫైలు చివరా ఒక మాట ఉంటుంది: దీన్ని అమ్మకండి.

లెడ్ జెపెలిన్ బ్యాండు 1977 జూన్ 21 లాస్ ఏంజెలెస్ ఫోరం కచేరీని చూడండి. దాన్ని రికార్డు చేసింది మైక్ మిల్లార్డ్. వీల్‌చైర్‌లో కూర్చుని, నాకమిచి రికార్డరును దానిలో దాచి హాల్లోకి తీసుకెళ్లేవాడు. తన టేపులు అమ్మకందారుల చేతికి పోకూడదని, ఎవరికి ఏ కాపీ ఇచ్చాడో తెలిసేలా గుర్తులు పెట్టేవాడని అంటారు. ప్రేక్షకుల్లో కూర్చుని చేసిన రికార్డింగుల్లో అంత స్పష్టంగా ఉన్నవి చాలా తక్కువ. ఈ డిస్కులో దాని మీద "సౌండ్‌బోర్డ్" అని రాసి ఉంది, మిల్లార్డ్ పేరు ఎక్కడా లేదు. పట్టుబడే భయంతో అంత కష్టపడ్డ మనిషి పేరు చెరిపేసి, ఆ టేపును 9,500 రూపాయల్లో ఒక వాటాగా చేసి అమ్ముకున్నాడు. దీన్ని నేను క్షమించలేను.

డబ్బు పెట్టి బూట్‌లెగ్ కొనడం కొత్తేమీ కాదు. 1969లో డిలన్ రికార్డింగులతో అమెరికాలో రహస్యంగా అమ్మిన ఎల్పీతోనే ఈ రాక్ బూట్‌లెగ్ వ్యాపారం పేరుకెక్కింది. కానీ కలెక్టర్ల మధ్య నడిచిన మర్యాద వేరు. ఖాళీ క్యాసెట్టు పంపు, పోస్టు ఖర్చు పెట్టుకో, కాపీ చేసి ఇస్తా, పైసా లాభం వద్దు. గ్రేట్‌ఫుల్ డెడ్ 1984లో టేపు చేసేవాళ్ల కోసం హాల్లో ప్రత్యేకంగా చోటు కేటాయించింది, అమ్మకూడదన్న షరతుతోనే. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోని లైవ్ మ్యూజిక్ విభాగం 2002 నుంచి, బ్యాండ్లు అనుమతించిన కచేరీలను ఉచితంగా అందిస్తోంది, టెక్స్ట్ ఫైళ్లతో సహా. ఈ డిస్కులో ఉన్న కాస్త మంచి సరుకు కూడా అక్కడి నుంచి దింపిందే.

ఫిర్యాదు సంగతి. మన దేశంలో 1957 కాపీరైట్ చట్టానికి 1994లో చేసిన సవరణతో ప్రదర్శకుల హక్కులు వచ్చాయి. కళాకారుల అనుమతి లేని రికార్డింగును అమ్మడం తప్పు. కొన్నవాడు బయటికి చెప్పుకోవడానికి జంకుతాడని ఆ అమ్మేవాడి ధైర్యం. డబ్బు అడిగితే మాకు వచ్చిన జవాబు, "పాటలు వస్తున్నయి కదా అన్నా, ఇంకేం కావాలె?" ఆ తర్వాత బ్లాక్. అయితే పాత డిస్కును కొత్తదని అంటగట్టి ఆన్‌లైన్‌లో డబ్బు తీసుకోవడం మామూలు మోసమే. మేము సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి, లావాదేవీ నంబరు, చాట్ స్క్రీన్‌షాట్లు, డిస్కు సీరియల్ నంబరు ఇచ్చాం. ఎంత త్వరగా చేస్తే అంత మంచిది, డబ్బు ఇంకా ఖాతాలో ఉంటే ఆపించే వీలుంటుంది.

ఎవరైనా అమ్ముతామని వస్తే, వాళ్లు పంపే శాంపిల్ వద్దనండి. ఫోల్డర్ల జాబితా తెప్పించుకుని, మీకు నచ్చిన కచేరీలో మధ్య పాట ఒకటి మీరే ఎంచుకుని, దాని తర్వాతి పాటతో కలిపి అడగండి. టెక్స్ట్ ఫైలు, ఫ్లాక్ ఫింగర్‌ప్రింట్ల ఫైలు (ఎండీ5 విలువల జాబితా) కూడా అడగండి. నిజంగా కలెక్టర్ అయితే రెండు నిమిషాల్లో పంపిస్తాడు, ఇంకా నాలుగు ముచ్చట్లు కూడా చెప్తాడు. ఈయన దగ్గర మాత్రం "అవన్నీ ఎందుకన్నా, టెన్షన్ పడకు" అన్న మాటే వస్తుంది. అసలు డబ్బు అడిగే మనిషి దగ్గర ఈ సరుకు తీసుకోవద్దన్నది నా అభిప్రాయం.

ఇప్పటికే ఈ డిస్కు నుంచి కాపీ చేసుకున్నవాళ్లు మనలో ఉన్నారని తెలుసు. వినడానికి ఉంచుకుంటారా, తీసేస్తారా అన్నది మీ ఇష్టం. ఇంకొకరికి మాత్రం దయచేసి ఇవ్వకండి. ఫ్లాక్ పేరుతో ఉన్న ఈ ఎంపీ3లు ఒకసారి మన పంపకాల్లో కలిశాయంటే, ఏది అసలో ఏది నకిలీయో తేల్చడం మన తర్వాత వచ్చే పిల్లల వల్ల కాదు. తప్పుగా ఉన్న ఫోల్డర్ల జాబితా తయారు చేస్తున్నా, ఏ ఫోల్డర్‌లో ఏం లోపమో, స్పెక్ట్రోగ్రామ్ బొమ్మతో సహా. హనుమకొండలో ఉన్నవాళ్లు మీ డిస్కు తీసుకొస్తే కూర్చుని చూద్దాం, దూరంగా ఉన్నవాళ్లు ఫోల్డర్ పేర్లు పంపండి, పోల్చి చెప్తా.