జైల్లో ఉన్నవాడి ఓటు: తీసెయ్యాలా, ఉంచాలా, శిక్షని బట్టి కొలవాలా?

2024 మే 13. కోనసీమలో ఓ లంక ఊరి బడిలో నేను ప్రిసైడింగ్ ఆఫీసర్ని. మధ్యాహ్నం వరస పలచబడ్డాక ఓ ముసలావిడ వచ్చి అసెంబ్లీకొకటి, పార్లమెంటుకొకటి ఓటేసి, వేలి మీద సిరా ఊదుకుంటూ నా బల్ల దగ్గర ఆగింది. "బాబూ, మావోడి చీటీ కూడా తెచ్చేను. ఆడిదీ ఏసేసి పోతాను" అంది. చీటీ సరైనదే. జాబితాలో పేరుంది, ఫొటో ఉంది. బెంచీ మీదున్న ఏజెంటు ఒకాయన గొంతు తగ్గించి, "ఆడు రాజమండ్రి సెంట్రల్ జైల్లో ఉన్నాడండి. గట్టు తగాదాలో మర్డరండి. యావజ్జీవం పడిందండి" అన్నాడు. ఒకరి ఓటు ఇంకొకరు వెయ్యకూడదమ్మా అని చెప్పి పంపేశాను. ఆవిడ ఆ చీటీని నాలుగు మడతలు పెట్టి కొంగున ముడేసుకుంది.

అరగంటకి తెల్లచొక్కా వేసుకున్నాయన ఒకడొచ్చి దర్జాగా ఓటేసి వెళ్ళాడు. అదే కేసులో రెండో ముద్దాయట. శిక్షా అదే. హైకోర్టులో అప్పీలు వేసుకుని బెయిలు మీద బయటున్నాడు. ఆయన్ని ఆపడానికి నా దగ్గర ఏ రూలూ లేదు. పొద్దు వాలేవేళకి ఆ తగాదాలో చనిపోయిన కుర్రాడి తండ్రి వచ్చాడు. కుర్రాడి పేరు జాబితాలోంచి ఎప్పుడో తీసేశారు. చంపినవాడి పేరు మాత్రం ఫొటోతో సహా ఉంది.

మన దగ్గర ఉన్న పద్ధతి: లోపలుంటే ఓటు లేదు. 1951 నాటి ప్రజా ప్రాతినిధ్య చట్టం 62(5) సెక్షన్ చెప్పేది ఇదే. శిక్ష పడ్డవాడైనా, రిమాండులో ఉన్నవాడైనా, పోలీసు కస్టడీలో ఉన్నవాడైనా పోలింగు రోజున ఓటు వెయ్యడానికి వీల్లేదు. ముందుజాగ్రత్త నిర్బంధంలో ఉన్నవాళ్ళకి, అంటే ఏదైనా చేస్తారేమోనని ముందే పట్టి ఉంచినవాళ్ళకి మాత్రం పోస్టల్ బ్యాలెట్ ఉంది. ఇందులో చాలామందికి తట్టని సంగతి ఒకటుంది. ఈ సెక్షను నేరాన్ని చూడదు, మనిషి ఆ రోజు ఎక్కడున్నాడో చూస్తుంది. హత్యకేసులో శిక్ష పడి బెయిలు మీదున్నవాడు ఓటేస్తాడు. చేలో మోటారు ఎత్తుకెళ్ళాడన్న కేసులో, జామీనుదార్లు దొరక్క రిమాండులో మగ్గుతున్న కూలివాడికి ఓటు లేదు. 2022 చివరి లెక్కల ప్రకారం దేశంలోని జైళ్ళలో నూటికి దాదాపు 76 మంది విచారణ ఖైదీలే. అంటే "నేరస్తులకు ఓటేంటి" అని మనం ఆవేశపడుతున్నప్పుడు, ఓటు పోతున్నవాళ్ళలో నాలుగింట మూడొంతుల మంది మీద నేరం రుజువే కాలేదు.

ఇంకో వింత. లోపలున్నవాడు ఓటెయ్యలేడు గానీ పోటీ చెయ్యొచ్చు. 2013లో చట్టం సవరించి, జైల్లో ఉన్నంత మాత్రాన ఓటరుగా పేరు పోదని రాశారు కాబట్టి నామినేషన్‌కి అడ్డం లేదు. రెండేళ్ళూ అంతకుమించీ శిక్ష పడితే అది వేరే లెక్క. 2024లో బారాముల్లా ఎంపీగా గెలిచిన ఇంజనీర్ రషీద్ అప్పుడు తీహార్ జైల్లో విచారణ ఖైదీ. మన గోదావరి ఒడ్డునే చూడండి. 2023 సెప్టెంబరు నుంచి అక్టోబరు చివరిదాకా చంద్రబాబు నాయుడు గారు రాజమండ్రి జైల్లో రిమాండులో ఉన్నారు. ఆ రోజుల్లో ఎన్నికలు పడి ఉంటే, వేలమంది ఆయనకి ఓటెయ్యొచ్చు, ఆయన మాత్రం వెయ్యలేరు. మీరు ఏ పార్టీ అయినా సరే, ఇందులో న్యాయం ఎక్కడుందో చెప్పండి.

1997లో అనుకూల్ చంద్ర ప్రధాన్ కేసులో సుప్రీంకోర్టు ఈ సెక్షన్ని సమర్థించింది. ఖైదీలందరికీ ఓటంటే పోలీసులూ ఏర్పాట్లూ చాలా కావాలని, నేరచరితుల్ని ఎన్నికలకి దూరం పెట్టాలన్న ఉద్దేశం మంచిదేనని చెప్పింది. మొదటి మాటలో పస ఉంది. రెండోది నాకు మింగుడుపడదు. ఎన్నికలకి నిజంగా దూరం పెట్టాల్సినవాళ్ళు జైల్లో పళ్ళెం పట్టుకుని నిలబడ్డవాళ్ళు కారు.

ఇక శిక్షని బట్టి కొలిచే పద్ధతి. ఆస్ట్రేలియాలో మూడేళ్ళూ, అంతకు మించీ శిక్ష పడినవాళ్ళకి పార్లమెంటు ఎన్నికల్లో ఓటుండదు, తక్కువ పడితే ఉంటుంది. వినడానికి ఇదే మధ్యేమార్గంలా ఉంటుంది. నేనూ చాన్నాళ్ళు దీనివైపే ఉన్నాను. కానీ మన ఊళ్ళలో కేసులు ఎలా కడతారో తెలిసినవాడికి అనుమానం వస్తుంది. కొబ్బరితోట సరిహద్దు దగ్గర కత్తి లేచిందనుకోండి. అది హత్యాయత్నమో, గాయపరచడమో తేల్చేది సగం గాయం లోతు, సగం ఎఫ్ఐఆర్ రాసిన చెయ్యి, ఆ పైన ప్లీడరు. ఆ తేడాతోనే ఒకడికి ఏడేళ్ళు, ఇంకొకడికి రెండేళ్ళు. పైగా ఎన్నికలు ఐదేళ్ళకోసారి. ఎన్నికలైన నెలకి లోపలికెళ్ళిన నాలుగేళ్ళ ఖైదీ శిక్ష పూర్తి చేసుకుని వచ్చి హాయిగా ఓటేస్తాడు. ఆరునెలల శిక్ష సరిగ్గా మే నెల మీద పడ్డవాడికి ఐదేళ్ళ ఓటు పోతుంది. తాసు పట్టుకుని కూర్చున్నంత మాత్రాన తూకం సరిగ్గా వస్తుందా?

జర్మనీ వాళ్ళది ఇంకాస్త ఆలోచించిన దారి. అక్కడ జైలుకి వెళ్ళినందుకు ఓటు పోదు. దేశద్రోహం, ఎన్నికల్లో మోసం లాంటి కొన్ని నేరాలకి మాత్రం, శిక్ష వేసే కోర్టే రెండు నుంచి ఐదేళ్ళ దాకా ఓటుహక్కు తీసెయ్యొచ్చు. నిజానికి మన చట్టంలోనూ దానికి చుట్టం లాంటి 11ఎ సెక్షన్ ఉంది. ఓటుకి డబ్బిచ్చినట్టో పుచ్చుకున్నట్టో రుజువై శిక్ష పడితే ఆరేళ్ళు ఓటు ఉండదు, బయట తిరుగుతున్నా సరే. ఓటుని పాడుచేసినవాడికి ఓటు పోవడం నాకు అర్థమవుతుంది. (దాన్ని నిక్కచ్చిగా అమలు చేస్తే మా వైపు ఎన్ని పోలింగు కేంద్రాలు బోసిపోతాయో అది వేరే కథ.)

మూడోది అందరికీ ఓటు. కెనడా సుప్రీంకోర్టు 2002లో ఐదుగురు ఒకవైపు, నలుగురు ఒకవైపుగా తీర్పు చెప్పి, పెద్ద శిక్షలు పడ్డవాళ్ళకీ ఓటుందంది. దక్షిణాఫ్రికా రాజ్యాంగ న్యాయస్థానం 1999లో ఒకసారి, 2004లో మళ్ళీ ఇదే వైపు నిలబడింది. కెనడాలో ఖైదీ ఓటు జైలున్న ఊరికి కాక, అతని సొంత నియోజకవర్గానికి లెక్కకొస్తుంది. ఇది మనకి ముఖ్యం. లేకపోతే ఒక జైలు గోడ లోపలి ఓట్లన్నీ రాజమండ్రిలోనే పడతాయి. ముందుజాగ్రత్త నిర్బంధంలో ఉన్నవాళ్ళకి పోస్టల్ బ్యాలెట్ పంపగలిగినప్పుడు, మిగతావాళ్ళకి పంపడం చేతకాని పనేం కాదు.

మరి ఆ తండ్రి సంగతి? నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది ఇదే. "నా కొడుకు ఓటు ఎవరిస్తారు" అని ఆయన అడిగితే నా దగ్గర జవాబు లేదు. కాకపోతే ఆ తెల్లచొక్కా ఓటేసి ఆయన ముందు నుంచే నడిచి వెళ్తున్నప్పుడు, ఇప్పుడున్న చట్టం ఆయన పక్షాన ఉందని కూడా చెప్పలేను.

అందుకని నేను పెట్టుకున్న వరస ఇది. విచారణ ఖైదీలకి వెంటనే, వాదనే లేకుండా ఓటివ్వాలి. శిక్ష పడ్డవాళ్ళలో ఎన్నికల నేరగాళ్ళకి 11ఎ ఉండనే ఉంది. హత్యకేసుల దాకా మిగతావాళ్ళకి ఓటు ఉంచాలంటాను, మనసు పూర్తిగా ఒప్పుకోకపోయినా. ఒక్క షరతు. బ్యారక్‌లో పెద్దరికం చేసే ఖైదీ, అతని వెనక బయటి నాయకుడు, వాళ్ళిద్దర్నీ చూసీచూడనట్టుండే సిబ్బంది ఉన్న చోట రహస్య ఓటు మాటలు కాదు. కవరు అంటించేటప్పుడు గదిలో జైలు మనిషి ఒక్కడూ ఉండకూడదు, బయటి నుంచి వచ్చిన ఎన్నికల సిబ్బందే ఉండాలి. ఆ డ్యూటీ నాకు వేసినా సరే.