ఎత్తు పెరుగుతాడని కొన్న మాల్ట్ పొడి

మా బాబుకి రెండేళ్లుగా ఈ చాక్లెట్ మాల్ట్ పొడే పాలలో కలిపి ఇచ్చాను. రుచికి వంక పెట్టలేను, గ్లాసు అడుగున మిగిలింది కూడా వేలితో నాకేవాడు. మొన్న జ్వరమని తీసుకెళ్తే డాక్టర్ గారు ఎదుగుదల చార్టు మీద చుక్క పెట్టి చూపించారు. మూడో తరగతి, 128 సెంటీమీటర్లు, 37 కిలోలు. చుక్క ఊబకాయం గీత దాటింది.

ఇంటికొచ్చి డబ్బా వెనక చిన్న అక్షరాలు చదివాను. 100 గ్రాముల్లో 32 గ్రాములు చక్కెర! మేం రోజుకు 50 గ్రాముల పొడి వాడేవాళ్లం, అంటే 16 గ్రాముల చక్కెర. పైగా అత్తయ్య చప్పగా ఉందని ఇంకో చెంచా పంచదార కలిపేవారు. ముందువైపు మాత్రం బంతి పట్టుకుని ఎగిరే పిల్లాడి బొమ్మ. ఇలాంటి పానీయాలను ‘హెల్త్ డ్రింక్స్’ విభాగంలోంచి తీసేయమని 2024 ఏప్రిల్‌లోనే కేంద్రం ఆన్‌లైన్ అమ్మకందార్లకు చెప్పింది. నాకప్పుడు తెలియలేదు.

తప్పంతా ఈ డబ్బాదే అనను, చిప్స్, ఫోన్ కూడా ఉన్నాయి. అయినా ఒక్క స్టారే ఇస్తున్నాను.

ఇప్పుడు ఉత్త పాలలో చిటికెడు యాలకుల పొడి. మొదటి వారం గ్లాసు తోసేసి ఏడ్చాడు, నాకూ ఏడుపొచ్చింది. నిన్న సగం తాగాడు.