ఎక్కాల పాటా, చప్పట్ల లెక్కా? పిల్లలకి ఏది మేలు?

మల్కాజ్‌గిరిలో మా ఇంటికి ట్యూషన్‌కి పిల్లల్ని దింపడానికి వచ్చే అమ్మలు జూన్ నుంచి ఒకటే అడుగుతున్నారు, "మేడమ్, ఎక్కాలకి ఫోన్‌లో పాటలు పెట్టమంటారా, మీరు చేయించే చప్పట్లే ఇంట్లో కూడా చేయించమంటారా" అని. గేటు దగ్గర నిలబడి సగం సగం చెప్తున్నా, అందుకే ఇక్కడ పూర్తిగా రాస్తున్నా.

పాట గుర్తుంటుంది, అందులో డౌట్ లేదు. "ఏడొకట్ల ఏడు, ఏడు రెళ్ళ పద్నాలుగు" అని మా అమ్మావాళ్ళు రాగం తీస్తూనే నేర్చుకున్నారు, ఇంకా వెనక్కి పోతే పావులూరి మల్లన 11వ శతాబ్దంలోనే మహావీరాచార్యుడి సంస్కృత గణితాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. చిన్న క్లాసుల పిల్లలకి, లెక్కలంటే బెదిరిపోయే పిల్లలకి పాటతోనే మొదలుపెట్టండి, ఆటోలో వెళ్తూ కూడా పాడుకోవచ్చు.

కానీ నేను చూసేది ఒక్కటే, మధ్యలోంచి అడిగితే చెప్పగలుగుతున్నారా? నా దగ్గర నాలుగో క్లాసు బాబు ఒకడు ఏడో ఎక్కం ట్యూన్‌తో సహా గడగడా పాడేవాడు, "ఏడెనిమిదులు ఎంత నాన్నా" అంటే మాత్రం ఆగిపోయి, పెదాలు కదుపుతూ మళ్ళీ ఏడొకట్ల నుంచి ఎత్తుకునేవాడు. భాగహారం చేస్తూ ప్రతిసారీ మొదట్నుంచి పాడుకుంటే పరీక్షలో టైమ్ ఎక్కడ సరిపోతుంది?

వాడికి ఆది తాళం, అంటే 8 లెక్కల తాళం, పనికొచ్చింది. ఆవర్తం అంటే తాళం ఒక చుట్టు. వాడు 8 లెక్కలకి ఒకసారి, వాళ్ళక్కేమో 7కి ఒకసారి గట్టిగా చప్పట్టు కొట్టాలి, ఇద్దరూ ఒకేసారి మొదలుపెట్టారు. వీడివి 7 ఆవర్తాలు, అక్కవి 8 అయ్యాక తర్వాతి దెబ్బ కలిసింది, మొత్తం 56. ఎనిమిది ఏడులు, ఏడెనిమిదులు ఒకటేనని నేను చెప్పకుండానే వాడికి తెలిసిపోయింది.

క.సా.గు.కి (కనిష్ఠ సామాన్య గుణిజం, LCM) అయితే ఇంతకంటే మంచి దారి నాకు దొరకలేదు. బోనాలకీ నిమజ్జనానికీ తీన్‌మార్ వింటూ పెరిగిన పిల్లలకి లయ కొత్తేం కాదు కదా. ఒక గుంపు 3కి ఒకసారి, ఇంకో గుంపు 4కి ఒకసారి కొడితే 12 లెక్కలయ్యాక, అంటే 13వ లెక్క మీద, రెండు గుంపుల దెబ్బా కలుస్తుంది. తర్వాత 4, 6 ఇస్తే అందరూ 24 అంటారు, గుణించేయడం అలవాటు కాబట్టి. కొట్టి చూస్తే 12కే కలిసిపోతుంది! అప్పుడు "ఎందుకు మేడమ్" అని వాళ్ళే అడుగుతారు, రెండింట్లోనూ 2 ఉందన్న మాట అక్కడ చెప్తే మళ్ళీ మర్చిపోరు.

భిన్నాలూ అంతే. 4 పెద్దది కాబట్టి 1/3 కంటే 1/4 పెద్దదనుకునే పిల్లలు చాలామంది. ఒక్క దెబ్బలో మూడక్షరాల "తకిట" అనిపించండి, అదే వేగంలో ఇంకో దెబ్బలో నాలుగక్షరాల "తకధిమి" అనిపించండి. నాలుగు పట్టాలంటే ఒక్కో అక్షరం పొట్టిగా పలకాల్సిందే, ఆ ఇరుకు వాళ్ళ నాలుకకే తెలుస్తుంది. 1/3, 1/4 కూడటానికి మాత్రం పేపర్ మీదికి రావాల్సిందే, చప్పట్లతో అవ్వదు.

సినిమా ట్యూన్‌లో ఫార్ములాలు పెట్టడం పరీక్ష ముందు రోజుకి పర్వాలేదు. చదువుతుంటే పక్కన పాటలు పెట్టడం అయితే వద్దు, మాటలున్న పాట అసలే వద్దు.

చప్పట్లకి ఇంకో మనిషి కావాలి, ఫ్లాట్‌లో కింద వాళ్ళకి చప్పుడు ఇబ్బంది, తొడ మీద తట్టుకుంటే సరిపోతుంది. లయ పట్టలేని పిల్లలుంటే గళ్ళ కాగితం మీద దెబ్బ పడే గడికి రంగు వేయించండి.

ఇంట్లో పాట మానేయక్కర్లేదు, పాడించండి, పాడాక వరస తప్పించి ఓ పది ప్రశ్నలు అడగండి. తడుముకుంటే ఆ ఎక్కానికి ఇద్దరూ కూర్చుని తాళం వేయండి. ఐదో క్లాసు దాటిన పిల్లలైతే నేరుగా తకిట, తకధిమితో మొదలుపెట్టండి, ఎక్కాల పాటలు మళ్ళీ పెట్టొద్దు.