తునికి చెట్ల కింద మూడు రోజులు: పాకాల, లక్నవరం, తాడ్వాయి

దసరా సెలవుల్లో మా మేనల్లుడితో వరంగల్, ములుగు వైపు మూడు రోజులు తిరిగొచ్చాను. వాడికి సీతాకోకచిలుకల పిచ్చి. ఈసారి వాడు పట్టుబట్టింది ఒక్కదానికే: బారోనెట్. ఇటుక రంగు రెక్కల మీద నల్ల చారలు, విప్పితే ఆరేడు సెంటీమీటర్లు. దాని గొంగళి పురుగు తినేది తునికాకు. మన బీడీల ఆకే. అందుకే మన అడవుల్లో తప్పకుండా ఉంటుందని వాడి లెక్క.

మొదట పాకాల వెళ్ళాం. 1213లో గణపతిదేవుడి కాలంలో కట్టిన చెరువు, కట్ట మీద చల్లటి గాలి. మాకు తినడానికి ఏమీ దొరకలేదు, నర్సంపేటలోనే టిఫిన్ కట్టించుకోవడం మేలు. తంగేడు పూల దగ్గర రెండు గంటలు కాపు కాశాం. బతుకమ్మకు కోయగా మిగిలిన పూలకు పసుపు రంగు సీతాకోకచిలుకలు ముసురుకున్నాయి. ఒక నారింజ రంగుది వాలగానే వాడు "అదే మామా!" అన్నాడు. అది ప్లెయిన్ టైగర్, జిల్లేడు తిని పెరిగే రకం. బస్సులో పుస్తకం తిరగేస్తే తెలిసింది, బారోనెట్‌కు పూలతో పెద్దగా పనే లేదట. చెట్ల జిగురు, కుళ్ళిన పండ్లు, తడి మట్టి కావాలి. రెండు గంటలు వృథా.

లక్నవరం గురించి ఎంత తక్కువ చెబితే అంత మంచిది. చెరువు అందమైనదే, వేలాడే వంతెన మీద నడక పిల్లలకు సరదా. కానీ మేం దిగిన ప్రైవేట్ కాటేజీ వాళ్ళు వేడి నీళ్ళు ఉంటాయని డబ్బులు తీసుకుని, పొద్దున బకెట్ తెచ్చుకోమన్నారు. రాత్రి పదకొండు దాకా పక్కన డీజే. శని, ఆదివారాలు మాత్రం అటు పోకండి.

తాడ్వాయిలో అటవీ శాఖ హట్‌లో దిగాం. ఆడంబరం లేదు, మంచం, ఫ్యాన్, బయట అడవి. సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది. 2024 ఆగస్టు 31న సుడిగాలికి వేల చెట్లు కూలింది ఈ చుట్టుపక్కల అడవిలోనే. మాతో వచ్చిన ఊరి కుర్రాడు ఆ వైపు చెయ్యి చూపిస్తే మేనల్లుడూ నేనూ మాట్లాడలేకపోయాం.

ఆ కుర్రాడికి సీతాకోకచిలుక పేరు తెలియదు. ఫోటో చూపిస్తే, "గిదా సార్? తునికి పొదల కాడ నేల మీద కూసుంటది, ఎండ వచ్చినంక రాండ్రి" అన్నాడు. తొమ్మిదిన్నరకు వెళ్ళాం. మా సంచిలో నలిగిపోయిన రెండు అరటిపండ్లను బాట పక్కన పెట్టాం. ఇరవై నిమిషాలకు రెక్కలు బిగబట్టి, నేలకు జానెడు ఎత్తున తేలుకుంటూ వచ్చి పండు మీద వాలింది. మూసిన రెక్కల అడుగు ముదురు ఎరుపు, మీద తెల్ల మచ్చలు. నడిచేది నాలుగు కాళ్ళ మీదే. ముందు జత పొట్టిగా మెడ కింద ముడుచుకుని ఉంటుంది. మేనల్లుడు ఊపిరి కూడా పీల్చలేదు.

తర్వాత తునికి ఆకులు తిరగేస్తే పురుగు కూడా దొరికింది. నడిమి ఈనె వెంట పచ్చగా అతుక్కుని, రెండు పక్కలా ఈకల్లాంటి ముళ్ళు పరుచుకుని, ఆకులో ఆకైపోయింది. ముట్టుకోకుండా ఫోటో తీశాం. ఎండాకాలం ముందు తునికి కొమ్మలు కొట్టి, కొత్తగా వచ్చిన లేత ఆకును కోసి కట్టలు కడతారు. ఆ ఆకు మీద దీనికీ వాటా ఉందన్నమాట.

తాడ్వాయికి హన్మకొండ నుంచి ఏటూరునాగారం బస్సు చాలు. ఊరి కుర్రాడికి ఇవ్వాల్సిన కూలి ముందే మాట్లాడుకున్నాం, పేచీ రాలేదు. మూడు చోట్లలో మళ్ళీ వెళ్ళమంటే తాడ్వాయే. తినేవి మాత్రం ములుగులో కొనుక్కుని పోవాలి, అరటిపండ్లు ఓ డజను ఎక్కువే. మా సంచికి ఇంకా ఆ వాసన పోలేదు.