ఆరేళ్లుగా రైఫిల్ కేసులు తోముతున్నాను: తడి టంబ్లర్, పొడి టంబ్లర్, నా అనుభవం

మా అమ్మ టెక్సాస్ వచ్చినప్పుడు, గరాజ్‌లో నేను కాల్చిన తూటాల కేసులు (మందును, బుల్లెట్‌ను పట్టి ఉంచే ఇత్తడి గొట్టాలు) కడుగుతుంటే చూసి "చింతపండు వేశావా నాన్నా?" అని అడిగింది. నేను వేసింది సిట్రిక్ యాసిడ్. ఏ పులుపైనా ఇత్తడి మీద నలుపును విరగ్గొడుతుంది. పండగ ముందు బిందెలు, కుందులు తోమే ఇంట్లో పెరిగినవాళ్లకు ఈ పనిలో సగం ముందే తెలుసు. రైఫిల్ కేసు కూడా ఇత్తడే, 70 పాళ్లు రాగి, 30 పాళ్లు జింకు.

గ్రీన్ కార్డు వచ్చాకే రైఫిల్ కొన్నాను. మొదట .308 విన్‌చెస్టర్ సైజు తూటాల బోల్ట్ యాక్షన్, తర్వాత .223 సైజుది. కాల్చిన కేసును శుభ్రం చేసి మళ్లీ నింపుకోవడం ఇక్కడ షూటర్లు ఇళ్లలో మామూలుగా చేసుకునే పని. ఇండియాలో అలా కాదు. 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేస్తే నేరం. అందుకని ఇది ఇక్కడుండి రైఫిల్ షూటింగ్ చేసే మనవాళ్ల కోసం రాస్తున్నాను.

మొదటి రెండేళ్లూ పొడి పద్ధతే. గిన్నెలాంటి, అదురుతూ కేసులను తోమే వైబ్రేటరీ టంబ్లర్‌లో వాల్‌నట్ పెంకుల రవ్వ పోసి, ఒక మూతెడు కార్ పాలిష్ వేసి, కేసులు పడేస్తే రెండు మూడు గంటల్లో పైన మెరుగు వస్తుంది. కానీ లోపలి మసి, ప్రైమర్ పాకెట్‌లో (మందును అంటించే చిన్న బిళ్ల, అంటే ప్రైమర్, కూర్చునే అడుగు గుంటలో) పేరుకున్న గట్టి నలుపు దాదాపు అలాగే ఉండిపోతాయి. అంతకంటే పెద్ద ఇబ్బంది దుమ్ము. ప్రైమర్‌లో సీసం ఉంటుంది, కాల్చాక మిగిలే మసిలోనూ ఉంటుంది, ఆ రవ్వను జల్లెడ పట్టినప్పుడు లేచే దుమ్ములోనూ అదే ఉంటుంది. మా పాప అప్పటికి ఇంకా పాకుతోంది. అందుకే జల్లెడ పట్టే పని ఇంటి బయటకు మార్చాను, మాస్కు లేకుండా ముట్టుకోవడం మానేశాను. బట్టల డ్రయ్యర్‌లో వేసే షీటు ఒకటి నాలుగు ముక్కలు చేసి రవ్వలో వేస్తే దుమ్ము చాలావరకు దానికే అంటుకుంటుంది. ఆ ముక్కలు ఎంత నల్లగా బయటికొస్తాయో చూస్తే, మాస్కు ఎందుకో ఎవరూ వేరే చెప్పక్కర్లేదు.

మూడో ఏట తడి టంబ్లర్ కొన్నాను. తిరిగే డ్రమ్ము, అందులో రెండు కిలోల పైచిలుకు సన్నటి స్టీల్ పిన్నులు, నీళ్లు, రెండు చుక్కల గిన్నెల సబ్బు, పావు చెంచా సిట్రిక్ యాసిడ్. మొదటిసారి మూత తీసినప్పుడు నీళ్లు బొగ్గు కలిపినట్టు ఉన్నాయి, కేసులు మాత్రం దుకాణం నుంచి అప్పుడే తెచ్చినట్టు ఉన్నాయి. లోపల కూడా బంగారు రంగే. ప్రైమర్ పాకెట్ మూలల్లో చిన్న మచ్చ కూడా లేదు. నాలుగేళ్లలో ఈ మెషీన్‌కు నేను మార్చింది మూత దగ్గరి రబ్బరు వాషర్ ఒక్కటే.

దీనికీ ఇబ్బందులున్నాయి, అవి వాడగా వాడగా బయటపడ్డాయి. ఒకసారి యాసిడ్ ఒక పూర్తి చెంచా వేసి రాత్రంతా నానబెట్టేశాను. పొద్దున చూస్తే కేసులు గులాబీ రంగులో ఉన్నాయి. పులుపు ఎక్కువై పైపొరలో జింకును లాగేస్తే మిగిలేది రాగి, ఆ రంగు దానిదే. ఆ కేసులను మళ్లీ నింపడానికి నాకు మనసొప్పలేదు, అన్నీ తుక్కులో వేశాను. ఇంకోసారి ఐదు గంటలు తిప్పాను. కేసు కేసునూ కొట్టుకుని నోటి అంచులన్నీ లోపలికి మడత పడ్డాయి, గోరు పెట్టి గీస్తే అంచు తగిలేది. ఇప్పుడు గంటన్నర దాటనివ్వను.

ఒక మాట గట్టిగా చెప్తాను. అమోనియా ఉన్న ఇత్తడి పాలిష్‌లు కేసుల దగ్గరికి రానివ్వకండి. బ్రిటిష్ కాలంలో మన దేశంలోనే, వర్షాకాలంలో గుర్రపుశాలల్లో దాచిన తూటాల కేసులు వాటంతటవే పగిలిపోయేవి. ఆ సీజన్‌లో జరిగేది కాబట్టి దానికి సీజన్ క్రాకింగ్ అని పేరొచ్చింది. గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమోనియా, ఇత్తడిలో ముందే ఉన్న బిగువు కలిసి ఆ పని చేస్తున్నాయని 1921లో తేల్చారు. తోమిన బిందె పగిలితే నీళ్లు కారతాయి. కేసు పగిలితే వెనక మన ముఖం ఉంటుంది.

ఇప్పుడు నా వరస ఇదీ. ముందు పాత ప్రైమర్ తీసేస్తాను, లేకపోతే పాకెట్ శుభ్రపడదు, లోపల నీళ్లూ ఆరవు. కడిగాక ఒక్కో కేసును బోర్లించి తట్టి, వెలుతురుకు ఎదురుగా పట్టి లోపలికి చూస్తాను. .223 మెడ సన్నం, పిన్నులు అడ్డం పడి ఇరుక్కుంటాయి. పండ్లు ఎండబెట్టే డీహైడ్రేటర్ ఒకటి దీనికోసమే ప్రత్యేకంగా పెట్టుకున్నాను, గంటన్నరలో ఆరిపోతాయి. వంటింటి అవెన్‌లో మాత్రం వద్దు. సీసం సంగతి అటుంచి, కేసు అడుగుభాగం వేడికి మెత్తబడితే ఇక దాన్ని నమ్మలేం. ఆరాక లానోలిన్ కలిపిన లూబ్ (జారుడు పూత) రాసి సైజింగ్ డైలోకి, అంటే కాల్చినప్పుడు ఉబ్బిన కేసును మళ్లీ కొలతకు నొక్కే అచ్చులోకి. తొందరపడి లూబ్ తక్కువ రాసిన రోజు కేసు డైలో ఇరుక్కుంది, తీయడానికి ఒక సాయంత్రం మొత్తం పట్టింది. సైజింగ్ తర్వాత పొడవు చూడాలి. .308కి గరిష్ఠం 2.015 అంగుళాలు, నేను 2.005కి కోస్తాను. .223 అయితే 1.760, కోత 1.750కి. తర్వాత నోటి అంచు లోపలా బయటా నునుపు చేసి, లూబ్ తుడిచేయాలి. లేక్ సిటీ ఫ్యాక్టరీ మిలిటరీ కేసులైతే ప్రైమర్ చుట్టూ నొక్కిన క్రింప్ కూడా తీయాలి, లేకపోతే కొత్త ప్రైమర్ సరిగా దిగదు.

తడి పద్ధతిలో నాకు ఆలస్యంగా అర్థమైన సంగతి ఇంకొకటి ఉంది. లోపల మరీ శుభ్రమైన మెడలో బుల్లెట్ సాఫీగా దిగదు, బుల్లెట్‌ను దించే ప్రెస్ హ్యాండిల్ పట్టి పట్టి కదులుతుంది. పొడి పద్ధతిలో మిగిలే పల్చటి మసి అక్కడ కాస్త నూనెలా పనిచేస్తుంది. ఇప్పుడు తడిలో కడిగిన మెడలకు లోపల కొద్దిగా గ్రాఫైట్ పొడి అద్దుతున్నాను, హ్యాండిల్ మళ్లీ సాఫీగా దిగుతోంది.

ఇంత శుభ్రం ఎందుకంటే, నాకు మెరుపు కోసం కాదు, పగుళ్లు కనిపించడం కోసం. ఒక పేపర్ క్లిప్ సాగదీసి, కొనను చిన్న కొక్కెంలా వంచి ఉంచుకున్నాను. దాన్ని కేసులోకి దించి, అడుగు నుంచి గోడ వెంట మెల్లగా పైకి లాగుతాను. మంచి కేసులో సాఫీగా జారుతుంది. అడుగుకు కొద్దిగా పైన ఎక్కడైనా టక్కుమని గాడిలో పడితే, అక్కడ ఇత్తడి పల్చబడిందని లెక్క. ఇంకా ఒకటి రెండుసార్లు కాలిస్తే కేసు అక్కడే రెండు ముక్కలవుతుంది. బయట అదే చోట సన్నటి మెరుపు గీత ఉంటుంది, మసి ఉంటే అది కనపడదు. మొదట్లో నేను సైజింగ్ డైని మరీ కిందికి బిగించి షోల్డర్‌ను (మెడ కింది వాలును) ఎక్కువగా వెనక్కి నెట్టేవాణ్ని, కాల్చిన ప్రతిసారీ కేసు అంత మేరా సాగేది. ఐదోసారికే గీతలు కనిపించాయి. ఇప్పుడు షోల్డర్ ఎక్కడుందో చూపే కంపారేటర్‌తో కొలిచి, అంగుళంలో వెయ్యికి రెండు వంతులే నెడుతున్నాను.

రెంటిలో ఒకటే కొనమంటే, సొంత కేసులే మళ్లీ వాడేవాళ్లకు పొడిదే చాలు. నా రైఫిల్ కాల్చినవి నేనూ గంటసేపు పొడిదాంట్లోనే వేస్తున్నాను. షూటింగ్ రేంజ్‌లో ఏరుకొచ్చినవి, మట్టి పట్టినవి, ఎవరు ఎన్నిసార్లు కాల్చారో తెలియనివి తడిదాంట్లోకి వెళ్తాయి. ఏ పద్ధతైనా చేతులకు గ్లవ్స్, వంటింటి సింక్‌కు దూరం, పని అయ్యాక సబ్బుతో చేతులు.

క్లిప్ తగిలిన కేసు నోటిని వెంటనే ప్లయర్‌తో నొక్కేసి తుక్కు డబ్బాలో వేస్తాను, పొరపాటున కూడా మళ్లీ మంచివాటిలో కలవకుండా.