అద్దె ఇంటికి మన చేతిపనులు: ఐదారేళ్ల వాడకంలో ఏవి నిలిచాయి, ఏవి వెలిశాయి

అలంకరణ వస్తువు ఏదైనా కొన్న వారం బాగానే ఉంటుంది. దాని అసలు సంగతి తేలేది రెండు ఎండాకాలాలు గడిచి, ఒకసారి ఇల్లు మారాకే. మేం ఉండేది హైదరాబాద్‌లో అద్దె ఫ్లాట్. గోడకు మేకు కొడితే ఓనరు ఊరుకోరు, రంగు మార్చే మాటే లేదు. కాబట్టి బల్ల మీద పెట్టేవి, వేలాడదీసేవి, పరిచేవి తప్ప వేరే దారి లేదు. ఐదారేళ్లుగా ఎక్కువగా మన ఊళ్ల చేతిపనులే కొంటున్నాను. షోకేసులో ఎలా కనిపిస్తాయన్నది కాదు, దుమ్ము దులిపేటప్పుడు, లారీ ఎక్కించేటప్పుడు ఎలా ఉంటాయన్నదే ఇక్కడ రాస్తున్నాను.

పెట్టిన డబ్బుకు అన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చింది నిమ్మలకుంట తోలుబొమ్మల లాంప్ షేడ్. నిమ్మలకుంట ధర్మవరం దగ్గరి ఊరు. తోలుబొమ్మలాట ఆడించే కుటుంబాలు, ఆటకు ఆదరణ తగ్గాక, అదే మేకతోలుతో లాంప్ షేడ్లు, గోడ బొమ్మలు చేయడం మొదలుపెట్టాయి. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ ఇచ్చారు. వెలుతురు అవతలికి కనిపించేలా తోలును పల్చగా చేసి, బొమ్మ గీసి, ఉలితో సన్నటి చిల్లులు పొడుస్తారు. పగలు చూస్తే ఏముంది ఇందులో అనిపిస్తుంది. సాయంత్రం లైటు వేస్తే తెలుస్తుంది, బొమ్మ ఒంటి మీద నగలన్నీ ఆ చిల్లులేనని. నేను కొన్నప్పుడు చిన్న సైజు వెయ్యి రూపాయల లోపే దొరికింది.

జాగ్రత్తలు ఉన్నాయి. లోపల ఎల్ఈడీ బల్బే పెట్టాలి. పాతకాలం ఫిలమెంట్ బల్బు వేడికి తోలు ముడుచుకుపోతుంది. తడిగుడ్డ తగలకూడదు, పెయింటింగ్ బ్రష్‌తో దులిపితే చాలు. మొదటి నెల కొంచెం తోలు వాసన వచ్చింది. వానాకాలంలో తోలు కాస్త వదులైనట్టు కనిపిస్తుంది, తేమ తగ్గాక మళ్లీ బిగుసుకుంటుంది. మొదటిసారి చూసి పాడైపోయిందేమోనని టెన్షన్ పడ్డాం కానీ, దాని స్వభావమే అంత.

బల్బు మాట వచ్చింది కాబట్టి ఇది కూడా చెప్పాలి. ఇంట్లో అన్నిటికన్నా తక్కువ ఖర్చుతో పెద్ద మార్పు తెచ్చేది బల్బే. డబ్బా మీద 2700కె లేదా 3000కె (కె అంటే కెల్విన్, వెలుగు రంగు కొలత) అని ఉన్న వార్మ్ వైట్ తీసుకోండి. మనవాళ్లు అలవాటుగా కొనే 6500కె తెల్ల వెలుగులో ఎంత మంచి వస్తువైనా ఆస్పత్రి సామానులా కనిపిస్తుంది.

ఏటికొప్పాక లక్క వస్తువులు ఇల్లు మారినా చెక్కు చెదరలేదు. ఏటికొప్పాక వరాహ నది ఒడ్డున, యలమంచిలి దగ్గర ఉంటుంది. అంకుడు కర్రను లేత్ మీద తిప్పుతూ లక్క కర్రను ఆనిస్తే, రాపిడి వేడికి లక్క కరిగి పట్టుకుంటుంది. అక్కడ చెట్ల నుంచి తీసే రంగులను మళ్లీ వాడుకలోకి తెచ్చిన సి.వి.రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. మా ఇంట్లో పెన్నుల డబ్బా, మూత గిన్నెలు, కుంకుమ భరిణె ఉన్నాయి. వాటి మెరుపు ఇప్పటికీ తగ్గలేదు, పొడిగుడ్డతో తుడిస్తే చాలు. కిటికీలో ఎండకు పెట్టిన పసుపు రంగు గిన్నె మాత్రం బాగా వెలిసింది. వేడి కాఫీ గ్లాసు పెడితే లక్క మెత్తబడి మచ్చ పడుతుంది, అది గుర్తుంచుకోండి.

కొండపల్లి బొమ్మలంటే నాకు చాలా ఇష్టం, అయినా అద్దె ఇంటికి మార్కులు తక్కువే వేస్తాను. తెల్ల పొణికి కర్ర చాలా తేలిక. చేతులు, కాళ్లు విడిగా చెక్కి అతికిస్తారు కాబట్టి షిఫ్టింగ్‌లో ఆ అతుకుల దగ్గరే ఊడతాయి. రంపపు పొట్టులో ఫెవికాల్ కలిపి మళ్లీ అతికించాను, నిలబడింది. సందుల్లో చేరిన దుమ్ము తీయడమే ఓ పని. బొమ్మల కొలువు పెట్టి మిగతా ఏడాదంతా పెట్టెలో దాచుకునేవాళ్లకు ఇవి సరిగ్గా సరిపోతాయి.

చేర్యాల మాస్కులు చిన్నవైతే కొబ్బరి చిప్ప మీద, రంపపు పొట్టు, చింతగింజల జిగురు కలిపి చేస్తారు. బరువు ఉండదు, అతికించే హుక్‌కు ఆగుతాయి. వచ్చిన ప్రతివాళ్లూ “దిష్టికా?” అని అడుగుతారు. కాదని చెప్పడం మానేశాను. బాత్రూమ్ గోడకు అవతలి వైపు తగిలించినదానికి చెమ్మ తగిలి రంగు పెచ్చులు లేచింది, హాల్లోవి బాగానే ఉన్నాయి.

కలంకారీ దగ్గర మోసం ఎక్కువ. ఆన్‌లైన్‌లో ఒక అమ్మకందారు చేతి అచ్చు అని చెప్పి స్క్రీన్ ప్రింట్ పంపాడు. గుడ్డ తిరగేసి చూస్తే తెలిసిపోతుంది. పెడన అచ్చు గుడ్డకు రంగు వెనక్కి కూడా దిగుతుంది, అచ్చు అచ్చుకూ మధ్య వెంట్రుక వాసి తేడా కనిపిస్తుంది. స్క్రీన్ ప్రింట్ అయితే వెనక వెలవెలబోతుంది, ముందు స్కేలు పెట్టి గీసినట్టు ఉంటుంది. శ్రీకాళహస్తిది వేరే పని, అక్కడ కలంతో గీస్తారు, ధర కూడా అలాగే ఉంటుంది. అద్దె ఇంటికి పెడన గుడ్డ మీటర్ల లెక్కన కొని దివాన్ మీద పరచడం, కర్రకు తొడిగి గోడకు వేలాడదీయడం చవక. మొదటిసారి చన్నీళ్లలో విడిగా ఉతకండి, నీడలో ఆరేయండి. పడమటి కిటికీకి కర్టెన్‌గా వేసినది ఏడాదిన్నరకే వెలిసింది.

ఇక ఐడియాలు. రీల్స్‌లో చూపించే గదులన్నీ ఒకేలా ఉంటాయి, మూలన ఓ ఫైబర్ బుద్ధుడు కూడా తప్పడు. నాకు ఎక్కువ ఉపయోగపడింది మాదాపూర్ శిల్పారామంలోని పల్లె మ్యూజియం. గుడిసెలు, కుమ్మరి, నేతగాడు, వాళ్ల పనిముట్లు, అన్నీ నిలువెత్తు బొమ్మలతో ఉంటాయి. అది చూశాకే మా బాల్కనీ గ్రిల్‌కు ఉట్టి కట్టి అందులో మనీ ప్లాంట్ కుండీ పెట్టాను. మ్యాక్రమే (తాళ్ల అల్లిక) అని పేరు పెట్టి అమ్మేదానిలో సగం ధర కూడా కాలేదు. వెదురు చేటకు ఎర్రమట్టి పూసి సుద్దతో ముగ్గు వేస్తే గోడకు పెద్ద పళ్లెమంత అలంకారం. పాత ఇత్తడి చెంబులకైతే గురువారం పొద్దున్నే జుమ్మేరాత్ బజార్ వెళ్లాలి. బేరం తప్పదు, సొట్టలు చూసుకోవాలి, ఇంటికొచ్చాక చింతపండుతో తోముకోవాలి. నెలకోసారి తోమే ఓపిక లేకపోతే వాటి జోలికి వెళ్లకండి.

వాల్ స్టిక్కర్ల గురించి ఒక్క మాట చాలు: పీకితే పెయింట్ కూడా ఊడివస్తుంది, అడ్వాన్సులో కోత పడుతుంది.

కొనడానికి ప్రభుత్వ హస్తకళల దుకాణాలైన లేపాక్షి, గోల్కొండ షోరూముల్లో ధర ఖాయం, నకిలీ భయం తక్కువ. శిల్పారామం స్టాళ్లలో బేరానికి వీలుంటుంది, చేసినవాళ్లే అమ్ముతుంటే ఎలా తుడవాలో, ఎక్కడ పెట్టకూడదో కూడా చెప్తారు. చేతిలో మూడు వేలుంటే నేనైతే రెండు వార్మ్ బల్బులు, ఒక చిన్న తోలు షేడ్, ఒక ఉట్టి, మిగిలినదానికి పెడన గుడ్డ కొంటాను. కొండపల్లి అంబారీ ఏనుగు మాత్రం గాజు తలుపుల బీరువా ఉన్నవాళ్లకే.