ఇరవై వేలలో హెడ్‌ఫోన్, యాంప్: దేనికెంత పెట్టాలి?

బడ్జెట్ 20 వేలు అనుకోగానే చాలామంది సగం హెడ్‌ఫోన్‌కి, సగం యాంప్‌కి అని పంచేస్తారు. ఆ పంపకంలో చాలా డబ్బు దండగ. పాట వినిపించే తీరుని నిజంగా మార్చేది హెడ్‌ఫోనే. యాంప్ పనల్లా దానికి కావాల్సిన వోల్టేజీ, కరెంటు తన సొంత రంగు పులమకుండా ఇవ్వడం. అందుకే ముందు హెడ్‌ఫోన్ తేల్చుకోండి. అది అడిగితేనే యాంప్.

కప్పుల వెనక భాగం తెరిచి ఉండే ఓపెన్ బ్యాకా, మూసి ఉండే క్లోజ్డ్ బ్యాకా అన్నది మీ గదిని బట్టి ఉంటుంది. ఓపెన్ బ్యాక్‌లో పాట తల బయట విశాలంగా పరుచుకున్నట్టు ఉంటుంది, చెవులకి గాలి ఆడుతుంది, మే నెల ఎండల్లో అది చిన్న విషయం కాదు. కానీ నెత్తిమీద ఫ్యాన్ హోరు, కిటికీలో కూలర్ రొద మొత్తం లోపలికి వచ్చేస్తాయి. మీ పాట పక్కవాళ్లకీ వినపడుతుంది. మాదాపూర్ పీజీలో షేరింగ్ రూమ్ అయితే ఓపెన్ బ్యాక్ మాట ఎత్తకపోవడమే మంచిది. అక్కడికి క్లోజ్డ్ బ్యాక్‌లైన ఆడియో-టెక్నికా ఎం40ఎక్స్ గానీ, బేయర్‌డైనమిక్ డీటీ 770 ప్రో గానీ చూడండి. 770లో 80, 250 ఓమ్స్ (కరెంటుని అడ్డుకునే నిరోధం కొలత) రకాలకి వెలోర్ (మఖ్మల్ లాంటి గుడ్డ) ప్యాడ్స్ వస్తాయి, 32 ఓమ్స్ దానికి రెక్సిన్ లాంటివి. మన చెమటకి రెక్సిన్ ఎప్పటికైనా పొరలు పొరలుగా రాలాల్సిందే, మార్చే ఖర్చు ముందే లెక్కలో వేసుకోండి. ప్యాడ్ అణిగిపోతే బాస్ కూడా మారిపోతుంది.

ఇక అంకెలు, ఇక్కణ్ణించి చెప్పే హెడ్‌ఫోన్లన్నీ ఓపెన్ బ్యాక్‌లే. ఓమ్స్ ఎక్కువ ఉంటే యాంప్ తప్పనిసరి అనేది సగమే నిజం. దాంతోపాటు సెన్సిటివిటీ, అంటే ఇచ్చిన పవర్‌కో వోల్టేజీకో మోత ఎన్ని డెసిబెల్స్ వస్తుందో చూడాలి. సెన్‌హైజర్ హెచ్‌డీ 560ఎస్ 120 ఓమ్స్, అయినా ఒక్క వోల్టుకే 110 డెసిబెల్స్ ఇస్తుంది. హైఫైమాన్ హెచ్‌ఈ400ఎస్‌ఈ 25 ఓమ్సే, కానీ ఒక మిల్లీవాట్‌కి 91 డెసిబెల్స్ దగ్గరే ఆగిపోతుంది. మామూలుగా వినే సగటు మోత 75, 80 డెసిబెల్స్ ఉంటుంది. డప్పు దెబ్బ పడితే అక్కణ్ణించి 20, 25 పైకి లేస్తుంది. కాబట్టి 110 అందుకోగలిగితే సరిపోయినట్టే. పది డెసిబెల్స్ పెరగాలంటే పవర్ పది రెట్లు కావాలి, మూడు పెరగాలంటే రెట్టింపు.

ఈ లెక్కన హెచ్‌ఈ400ఎస్‌ఈకి 91 నుంచి 110 దాకా 19 డెసిబెల్స్, అంటే దాదాపు 80 మిల్లీవాట్లు. 25 ఓమ్స్ మీద అది 1.4 వోల్టులు, 56 మిల్లీయాంపియర్లు. 250 ఓమ్స్ డీటీ 990 ప్రోకి మిల్లీవాట్‌కి 96 డెసిబెల్స్ కాబట్టి 25 మిల్లీవాట్లు చాలు, కానీ వోల్టేజీ 2.5 దాకా కావాలి. మొదటిది కరెంటు అడుగుతుంది, రెండోది వోల్టేజీ. ఒక వోల్టు దగ్గరే ఆగిపోయే లాప్‌టాప్ జాక్‌కి 990 పెడితే శబ్దం వస్తుంది గానీ దెబ్బలో పస ఉండదు.

యాంప్ అక్కర్లేని దారి కూడా ఉంది, చాలామందికి అదే సరైన దారి. ఆపిల్ యూఎస్‌బీ-సీ డాంగిల్ (యూఎస్‌బీకి పెట్టి హెడ్‌ఫోన్ గుచ్చుకునే చిన్న ముక్క) వెయ్యి రూపాయల దరిదాపుల్లో దొరుకుతుంది, ఒక వోల్టు ఇస్తుంది, మరకలేని శబ్దం. లాప్‌టాప్‌కి పెట్టి హెచ్‌డీ 560ఎస్ వినండి, పని అయిపోయింది. ఆండ్రాయిడ్ ఫోన్‌కి పెడితే మాత్రం చాలాసార్లు వాల్యూమ్ సగంలోనే ఆగిపోతుంది. డాంగిల్ పాడైందని కంగారు పడొద్దు, ఫోన్ దాని లోపలి వాల్యూమ్‌ని పూర్తిగా తెరవడం లేదంతే. యూఎస్‌బీ ఆడియో ప్లేయర్ ప్రో లాంటి యాప్‌తో అది తెరుచుకుంటుంది.

హెచ్‌ఈ400ఎస్‌ఈ, 990 మీద మనసు పడితే అప్పుడు ఫియో కే11. 2023లో వచ్చిన ఈ పెట్టెలో డాక్ (డిజిటల్ పాటని కరెంటు సిగ్నల్‌గా మార్చేది), యాంప్ రెండూ ఉన్నాయి. 32 ఓమ్స్ మీద 6.35 మిల్లీమీటర్ల జాక్‌లో 520 మిల్లీవాట్లు, రెండు ఛానెల్స్‌కి వేర్వేరు తీగలుండే 4.4 బ్యాలెన్స్‌డ్ జాక్‌లో 1400. మనకి కావాల్సింది 80 అని పైన తేలింది. బ్యాలెన్స్‌డ్‌తో అదనంగా వచ్చేది 4.3 డెసిబెల్స్ మాత్రమే, దానికోసం వేలు పోసి కేబుల్ కొనడం మా దృష్టిలో షోకు. గెయిన్ (యాంప్ ఎంత పెంచాలో చెప్పే సెట్టింగ్) తక్కువలో మొదలుపెట్టండి, విండోస్ వాల్యూమ్ 100 ఉంచి నాబ్‌తో తగ్గించుకోండి.

యాంప్ కొన్నాక ఎక్కువమంది పట్టుకునే ఫిర్యాదు 'గుయ్' మనే హమ్. తప్పు యాంప్‌ది కాకపోవచ్చు. చార్జర్ పీకి లాప్‌టాప్ బ్యాటరీ మీద నడపండి. హమ్ పోయిందంటే సమస్య ఎర్తింగ్‌లో ఉంది. పాత అపార్ట్‌మెంట్లలో మూడు పిన్నుల సాకెట్ ఉంటుంది, వెనక ఎర్త్ వైరు ఉండదు. ఎలక్ట్రీషియన్ని పిలిచి న్యూట్రల్‌కి, ఎర్త్‌కి మధ్య వోల్టేజీ కొలిపించండి: రెండు మూడు వోల్టులు మించితే సరిచేయించాల్సిందే. ఈలోగా పీసీ, యాంప్ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకి పెట్టండి. పీసీకి ఆప్టికల్ అవుట్ (కాంతితో సిగ్నల్ పంపేది) ఉంటే యూఎస్‌బీ పీకి అది వాడండి, ఆ దారిలో ఎర్త్ లూప్ (రెండింటి ఎర్త్‌ల మధ్య కరెంటు తిరిగే చుట్టు) ఏర్పడే అవకాశమే లేదు.

3.5ని 6.35గా మార్చే కన్వర్టర్ పిన్ను పోతే కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతుంది. అక్కడ 6.35ని పీ-38 అని, 3.5ని ఈపీ అని అడగాలి. స్టీరియో అని గట్టిగా చెప్పండి. పిన్ను మీద నల్ల గీతలు రెండుంటే స్టీరియో, ఒకటే ఉంటే మోనో. మోనో పిన్ను యాంప్‌లో దూర్చితే కుడి ఛానెల్ నేరుగా గ్రౌండ్‌కి షార్ట్ అవుతుంది. కొన్ని యాంప్‌లు తట్టుకుంటాయి, కొన్ని అక్కడే చేతులెత్తేస్తాయి.

990కి 8 కిలోహెర్ట్జ్ చుట్టుపక్కల ఒక గుట్ట ఉంది, అంటే అక్కడి శబ్దం ఎక్కువగా మోగుతుంది. పాటలో 'స' వచ్చిన ప్రతిసారీ చెవిలో గుచ్చుతుంది. విండోస్‌లో ఇలాంటి హెచ్చుతగ్గులు సరిచేసే ఈక్వలైజర్ ఏపీఓ ఉచితం: 8000 హెర్ట్జ్, మైనస్ 5 డెసిబెల్స్, క్యూ (ఆ కోత ఎంత సన్నగా ఉండాలో) 2.5 పెట్టి చూడండి. హెచ్‌ఈ400ఎస్‌ఈకి 100 హెర్ట్జ్ కింది శబ్దాలన్నిటినీ పెంచే లో షెల్ఫ్ ఫిల్టర్‌తో 4 డెసిబెల్స్ కలిపితే తబలాకి ఒళ్లొస్తుంది. అయితే అదే సాఫ్ట్‌వేర్‌లో మొత్తం మోతని మార్చే ప్రీయాంప్‌ని మైనస్ 4కి దించాలి, లేదంటే గట్టి దెబ్బలన్నీ పగులుతాయి. ఆ తగ్గిన నాలుగింటినీ నాబ్ తిప్పి రాబట్టాలి కదా, యాంప్‌లో మిగులు పవర్ అక్కరకొచ్చేది ఇక్కడే. డాంగిల్‌కి ఆ వెసులుబాటు లేదు.

సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లోనో, ఆన్‌లైన్‌లోనో, ఎక్కడ కొన్నా జీఎస్‌టీ బిల్లు, ఇండియా వారంటీ చూసుకోండి. డబ్బా విప్పగానే బ్లాక్ అండ్ వైట్ కాలం నాటి మోనో పాట ఒకటి పెట్టండి: గొంతు సరిగ్గా నడినెత్తిన నిలవాలి. ఒక పక్కకి లాగితే హెడ్‌ఫోన్ తిప్పి పెట్టుకోండి. గొంతు కూడా అటు మారితే తేడా హెడ్‌ఫోన్‌లోనో, యాంప్‌లోనో ఉంది, ఫోన్ జాక్‌కి పెట్టి చూస్తే ఏదో తేలిపోతుంది. మారకపోతే మీ చెవులదే. తర్వాత 20 నుంచి 200 హెర్ట్జ్ దాకా స్వీప్ టోన్ (కింది నుంచి పైకి పాకే శబ్దం) తక్కువ వాల్యూమ్‌లో వినండి. గరగరలాడితే ఒక్కోసారి డ్రైవర్ (లోపలి చిన్న స్పీకర్) మీద వెంట్రుక పడి ఉంటుంది, ప్యాడ్ తీసి చూడండి. అయినా పోకపోతే రిటర్న్ గడువు దాటకముందే వెనక్కి పంపేయండి.